డైనమో

పదకొండున్నరకి ఆసుపత్రి చాకిరేవు మూస్తాం.
నాలుగు వందల దుప్పట్లు ఆరబెట్టి వచ్చినదాన్ని
గుమ్మం దాటిన మూడో అడుగుకే తడిసి ముద్దవుతాను.
నా వృత్తికీ ఈ ఊరి వానకీ
ఎన్నడూ పడదు.

గెంట్‌లో నవంబరు వాన కురవదు.
సరిగ్గా పిండని గుడ్డలా
వీధి మీద వేలాడుతుంది.

మా అమ్మ తొక్కిన సైకిలు నాది.
ముందు చక్రానికి బుడ్డంత డైనమో.
"అప్పు రేపు" అని రాసిపెట్టుకున్న కొట్టువాడి లాంటిది,
తొక్కినంతే ఇస్తుంది వెలుగు,
రవ్వంత కూడా అరువివ్వదు.

చిక్కంతా సిగ్నలు దగ్గర.
ఎర్ర లైటు పడగానే నేను ఆగుతాను,
నేను ఆగగానే దీపం ఆరుతుంది,
దీపం ఆరాక, పక్కన నిలిచిన లారీ అద్దంలో
నేనూ ఒక వాన చారని.

డాంపోర్ట్ కూడలిలో పోయినేడు
యోరిస్ ఇలాగే ఆగాడు.
ఇస్త్రీ సెక్షను. ముప్పై ఒకటి నిండలేదు.
పచ్చ లైటు ఇద్దరికీ ఒకేసారి పడింది,
అతను తిన్నగా, లారీ కుడికి.
"వాన తప్ప ఏమీ కనపడలేదు" అన్నాడట డ్రైవరు కోర్టులో.
అబద్ధమాడాడని నేననుకోను.
అదే నా భయం.

తెల్లరంగు పూసిన సైకిలొకటి
అక్కడ స్తంభానికి కట్టేశారు.
దానికి దీపం లేదు.
దాన్ని మాత్రం అందరూ చూస్తారు.

అందుకని ఎర్ర లైటు పడినా
నేను కాలు కింద పెట్టను.
పేవ్‌మెంటు మీదికెక్కి
దీపం ఆరకుండా చిన్న సున్నా చుడుతుంటాను,
గానుగెద్దులా.
బారు ముందు కుర్రాళ్ళు నవ్వుతారు.
నవ్వనీ.
నవ్వారంటే కనపడ్డాననే కదా.

కోరెన్‌మార్క్ట్ దగ్గర ఇంకో లెక్క.
రాళ్ళు పరిచిన బాట, రాళ్ళ మధ్య ట్రాము పట్టాలు,
పట్టా పక్కనే వేలెడు సందు,
నా చక్రానికి కొలత తీసి చేయించినట్టు.
"పట్టాకి ఎదురు పో, జత పోకు" అనేది అమ్మ.
నలభై ఏళ్ళుగా తెలుసు.
తెలిసీ, మొన్న గురువారం,
కళ్ళద్దాల మీద నీళ్ళు తుడుచుకుంటూ
ఒక్క క్షణం దానితో జత పోయాను.

పడటం చాలా నెమ్మదిగా జరిగింది.
లేవడం అంతకన్నా.
కళ్ళద్దాలు ఎక్కడో. దీపం సరే సరి.
అరచేతిలో ఇసుకా, ఇంకేదో వెచ్చగా.
అప్పుడు వెనకనుంచి గంట.
ఆఖరి ట్రాము.

పదడుగుల అవతల ఆగింది.
నడిపే ఆవిడ దిగలేదు, తిట్టలేదు.
పెద్ద దీపం వేసి
వానని తెల్లగా నిలబెట్టి కూర్చుంది.
ఆ వెలుగులో మోకాళ్ళ మీద పాకి
కళ్ళద్దాలు వెతుక్కున్నాను.
పెట్టుకుని చూస్తే లోపల ఏడెనిమిది మంది,
ఒకతని ఒళ్ళో పూలకుండీ.
ఎవరూ గడియారం చూసుకోలేదు.
చూసుకున్నారేమో,
నా ఎడమ అద్దం పగిలిపోయింది.

కిటికీ జరిపి అడిగింది, "ఎందాకా?"
"లేడెబెర్గ్."
"సైకిలు ఎక్కించకూడదు," అంది.
వైపర్ రెండు సార్లు తిరిగింది.
"వంతెన దాకా నువ్వు ముందు పో. వెనక నేనుంటాను."

వంకర హ్యాండిలు, ఒంటి కంటి చూపు,
వెనక నలభై టన్నుల ఇనుము
నా నడకకి నడక కలుపుతూ.
నా నీడ ఎంత పొడుగో
ఆ రాత్రి తెలిసింది.
వంతెన దగ్గర రెండు సార్లు గంట కొట్టి
మలుపు తిరిగి వెళ్ళిపోయింది.
పేరైనా అడగలేదు.

మా లాండర్ బ్యాటరీ దీపం కొనుక్కొచ్చాడు.
ఆగినా వెలుగుతుందట.
నిజమే, వెలుగుతోంది,
వంటింట్లో ఆర్పీ వెలిగించీ చూశాను.

అయినా నిన్న రాత్రి డాంపోర్ట్‌లో
ఎర్ర లైటు కింద
మళ్ళీ సున్నా చుడుతున్నాను.
కుర్రాళ్ళు నవ్వుతున్నారు.
కాళ్ళకింకా నమ్మకం కుదరలేదు.